క్విన్ యూయర్స్ డ్రాఫ్ట్‌కి వెళ్ళడం సరైనదేనా? ఎన్నో రౌండ్‌లో పోతాడు?

ఫ్రిస్కో_రాఘవ · జనవరి 15, 2025

కాలేజీ ఆట వదిలి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌కి వెళ్తున్నానని మా టెక్సస్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి ఆట నడిపేవాడు) యూయర్స్ ఇవాళ చెప్పేశాడు. ప్లేఆఫ్ సెమీఫైనల్ అయిన కాటన్ బౌల్‌లో ఓహియో స్టేట్ చేతిలో ఓడిపోయి ఐదు రోజులే అయింది, నాకు ఆ బాధే ఇంకా తగ్గలేదు. ఇప్పుడు ఎవరిని కదిలించినా మూడో రౌండ్ అంటున్నారు, లేకపోతే ఇంకా కిందే అంటున్నారు. ఒళ్ళు మండిపోతోంది. మూడేళ్ళు టెక్సస్ టీమ్‌ని మోశాడు. వరసగా రెండేళ్ళు ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్ళాడు. 2023లో టస్కలూసా వెళ్ళి అలబామాని వాళ్ళ గడ్డ మీదే 34-24తో కొట్టాడు. ఆ రోజు పాస్‌లతో 349 యార్డ్‌లు, మూడు టచ్‌డౌన్‌లు (బంతి గోల్ గీత దాటించడం). అలాంటివాడికి మొదటి రౌండ్‌లో చోటు లేదా? ఇతని కంటే మెరుగైనవాళ్ళు ఈ ఏడాది ఎవరున్నారో చెప్పండి.

నాలుగో_డౌన్

కామ్ వార్డ్, షెడ్యూర్ సాండర్స్, జాక్సన్ డార్ట్. ముగ్గురు చాలా?

ఫ్రిస్కో_రాఘవ

వార్డ్ సరే. మిగతా ఇద్దరి విషయం ఒప్పుకోను.

పునుగుల_ప్లేటు

సాండర్స్ 74 శాతం పాస్‌లు పూర్తి చేశాడు, 37 టచ్‌డౌన్‌లు. మీరు ఒప్పుకోకపోతే ఆ అంకెలు మారతాయా రాఘవ గారూ 😄

కొలంబస్_కిరణ్

నేను ఓహియో స్టేట్ మనిషిని, ముందే చెప్తున్నా, తిట్టకండి. నాకు యూయర్స్ మీద కోపం లేదు, జాలి ఉంది. 2021లో మా దగ్గరికే వచ్చాడు. ఇక్కడ మా డిఫెన్స్ ఆటగాడు జాక్ సాయర్, యూయర్స్ ఒకే గదిలో ఉండేవాళ్ళు. అదే సాయర్ మొన్న కాటన్ బౌల్‌లో బంతి లాక్కుని 83 యార్డ్‌లు పరిగెత్తి ఇతని సీజన్ ముగించాడు. ఇలాంటిది కథల్లో రాస్తే నమ్మరు.

మియాపూర్_మహి

నేను హైదరాబాద్ నుంచి చూస్తున్నాను, ఈ ఆట మొదలుపెట్టి ఒక్క సీజనే అయింది. ఈ డ్రాఫ్ట్ ఐపీఎల్ వేలం లాంటిదేనా? డబ్బు ఎక్కువ పెట్టినవాళ్ళకి ఆటగాడు పోతాడా?

పెద్దబావ_హ్యూస్టన్

కాదు తమ్ముడూ. వేలం కాదు, ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తలకిందులు చేసినట్టు. అక్కడ మంచి ర్యాంకు వచ్చినవాడు ముందు వెళ్ళి కాలేజీ ఎంచుకుంటాడు. ఇక్కడ కాలేజీలే పిల్లలని ఎంచుకుంటాయి అనుకో, అందులోనూ అట్టడుగున ఉన్న కాలేజీకి మొదటి అవకాశం. 32 టీమ్‌లు, ఏడు రౌండ్‌లు. పోయిన సీజన్‌లో బాగా ఓడినవాళ్ళు ముందు, గెలిచినవాళ్ళు చివర. మధ్యలో టీమ్‌లు వంతులు ఇచ్చిపుచ్చుకోవచ్చు, దాంతో వరస కాస్త అటూ ఇటూ అవుతుంది. ఇక డబ్బు ఎన్నో నంబర్‌లో తీసుకున్నారన్న దాన్ని బట్టే. పై నంబర్ వాడికి కోట్లు, కింద నంబర్ వాడికి కనీస జీతం.

మియాపూర్_మహి

అంటే ఆటగాడికి టీమ్ ఎంచుకునే హక్కే లేదా? అన్యాయం కదా.

పెద్దబావ_హ్యూస్టన్

లేదు. అసలు ఎవరూ తీసుకోకపోతేనే తనకి నచ్చిన టీమ్‌తో మాట్లాడుకోవచ్చు. అందుకే ఏడో రౌండ్ చివర్లో పోవడం కంటే పోకపోవడమే నయం అనేవాళ్ళూ ఉన్నారు.

నాలుగో_డౌన్

రాఘవ గారి ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ఎన్‌ఎఫ్‌ఎల్ స్కౌట్‌లు మీ టీమ్ ఎన్ని గెలిచిందో చూడరు. ఆ గెలుపులో ఇతని చెయ్యి ఎంత ఉంది, రేపు మంచి రిసీవర్లు లేకపోతే ఏం చేస్తాడు, అది చూస్తారు. 2023లో యూయర్స్ పాస్‌లు పట్టుకున్నవాళ్ళని గుర్తు చేసుకోండి. జేవియర్ వర్తీ, కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు జరిగే పరీక్షలు) 40 యార్డ్‌లు 4.21 సెకన్లలో పరిగెత్తి రికార్డు కొట్టాడు, మొదటి రౌండ్. అడోనై మిచెల్, రెండో రౌండ్. వాళ్ళు వెళ్ళిపోతే మాథ్యూ గోల్డెన్ వచ్చాడు, అతనూ పైనే పోతాడు చూడండి. ఎడమ వైపు కాపలాకి కెల్విన్ బ్యాంక్స్. ఇంకేం కావాలి ఒక క్వార్టర్‌బ్యాక్‌కి?

అంత ఉన్నా అంకెలు ఎటు వెళ్ళాయో చూడండి. 2023లో 22 టచ్‌డౌన్‌లు, 6 ఇంటర్‌సెప్షన్‌లు (అవతలివాళ్ళు పట్టేసిన పాస్‌లు). 2024లో టచ్‌డౌన్‌లు 31 అయ్యాయి కానీ ఇంటర్‌సెప్షన్‌లు రెట్టింపు, 12. టెక్సస్ కోచ్ సార్కీసియన్ ఆట ఎలా ఉంటుందో మీకు తెలుసు. ప్లే యాక్షన్ (పరుగని నమ్మించి వేసే పాస్), స్క్రీన్ (పొట్టి పాస్), మొదట చూసినవాడికే పాస్. ఆ మొదటివాడు ఖాళీగా దొరికితే యూయర్స్ చెయ్యి చూడముచ్చటగా ఉంటుంది. దొరక్కపోతే, మీదికి మనిషి వస్తే, కాళ్ళు తడబడతాయి. ఆ తడబాటే స్కౌట్‌లు రాసుకుంటున్నారు.

ఫ్రిస్కో_రాఘవ

గాయాలతో ఆడాడన్న సంగతి ఎందుకు చెప్పరు? సెప్టెంబర్‌లో యూటీఎస్ఏ (శాన్ ఆంటోనియో కాలేజీ) మీద పొట్ట పక్క కండరం పట్టేసింది, రెండు మ్యాచ్‌లు పోయాయి. నవంబర్‌లో చీలమండ. సగం ఒళ్ళుతో ఆడినవాడికి ఆ అంకెలు తక్కువా?

నాలుగో_డౌన్

అదీ లెక్కలోదే అండీ, కానీ మీరు అనుకున్న వైపు కాదు. 2022లో అలబామా మ్యాచ్ మొదటి క్వార్టర్‌లోనే భుజం దగ్గర దెబ్బ. 2023లో మళ్ళీ భుజం. 2024లో పొట్ట, చీలమండ. మూడు సీజన్‌లు ఆడితే మూడింట్లోనూ బయట కూర్చున్నాడు. టీమ్ డాక్టర్ ఆ కాగితం చూసి ఏమంటాడో ఊహించండి.

ఆర్చ్_సేన

అక్టోబర్‌లో జార్జియా మీద కోచ్ స్వయంగా ఇతన్ని కూర్చోబెట్టి రెండో క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మానింగ్‌ని దించాడు. సొంత కోచ్‌కే నమ్మకం లేకపోతే ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్ళకి ఉంటుందా?

సుధ_కొప్పెల్

కొంచెంసేపే. మళ్ళీ యూయర్స్‌నే పంపాడు. సగం చెప్పి వదిలేయకండి.

ఆ రోజు నేను చూసింది వేరే ఉంది. కూర్చోబెట్టిన తర్వాత ఆ అబ్బాయి హెల్మెట్ విసరలేదు, మొహం తిప్పుకోలేదు. స్టేడియం అంతా వెనకున్న కుర్రాడి పేరు అరుస్తుంటే ఆ కుర్రాడికే దగ్గరుండి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా పెద్దాడు ఇక్కడి హైస్కూల్ టీమ్‌లో రెండో క్వార్టర్‌బ్యాక్. పోయినేడాది వాడే మొదటివాడు. కొత్తగా ఒక అబ్బాయి ఊళ్ళోకి రాగానే, ఒక్క మాట చెప్పకుండా ప్రాక్టీస్ చీటీలో వీడి పేరు కింద రాశారు. శుక్రవారం రాత్రి ఇంటికొచ్చి, చేతి పట్టీ మీద ఆట పేర్లు రాసిన చిన్న కాగితం ఉంటుంది చూడండి, అది తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, అన్నం తినకుండా పడుకున్నాడు. ఆ పట్టీ ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది, నేను తీయలేదు. అందుకే యూయర్స్ అంటే నాకు గౌరవం.

పెద్దబావ_హ్యూస్టన్

సుధమ్మా, బాబుకి చెప్పు, ఈ ఏడాది అందరికంటే ముందు పోయే కామ్ వార్డ్ ఎక్కడివాడో. మా హ్యూస్టన్ కింద వెస్ట్ కొలంబియా అనే చిన్న ఊరు. హైస్కూల్‌లో వాళ్ళ టీమ్ ఎప్పుడూ పరుగే, పాస్ వేసేదే తక్కువ. పెద్ద కాలేజీ ఒక్కటీ పిలవలేదు. శాన్ ఆంటోనియోలో ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీ తీసుకుంది. అక్కణ్ణుంచి వాషింగ్టన్ స్టేట్, అక్కణ్ణుంచి మయామి. పోయిన సీజన్ 39 టచ్‌డౌన్‌లు. అదే టెక్సస్‌లో సౌత్‌లేక్ క్యారల్‌లో చదివిన యూయర్స్‌కి అయిదు నక్షత్రాలు, దేశంలోనే మొదటి పేరు. ఇద్దరూ ఇప్పుడు ఒకే డ్రాఫ్ట్‌లో ఉన్నారు, ఎవరు ఎక్కడున్నారో చూడండి.

సుధ_కొప్పెల్

ఇది చదివి వినిపించాను బావగారూ. ఏమీ అనలేదు కానీ వార్డ్ వీడియోలు పెట్టుకుని చూస్తున్నాడు.

డాలర్_దామోదరం

నాకు ఆట కంటే లెక్క ముఖ్యం. ఇతనికి ఇంకో ఏడాది కాలేజీ ఆట మిగిలే ఉంది. వేరే కాలేజీకి మారితే ఎన్‌ఐఎల్ (ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు) కింద మిలియన్లలో ఇస్తారని వార్తలు. నాలుగో రౌండ్ అయితే నాలుగేళ్ళ మొత్తం కలిపినా అంత రాకపోవచ్చు. చేతికొచ్చిన డబ్బు కాదని వెళ్ళడం ఏమిటి? 2021లో ఇతనే కదా, టెక్సస్‌లో హైస్కూల్ పిల్లలు ఎన్‌ఐఎల్ డబ్బు తీసుకోకూడదని చివరి ఏడాది వదిలేసి ఓహియో వెళ్ళింది! అప్పుడు డబ్బు లెక్క తెలిసినవాడికి ఇప్పుడు తెలియదా?

కొలంబస్_కిరణ్

అవును, ఆటోగ్రాఫ్‌ల ఒప్పందం మీదే మిలియన్ పైన అన్నారు అప్పట్లో. ఇక్కడ సీజన్ మొత్తంలో ఆడింది రెండే రెండు స్నాప్‌లు (బంతి అందుకుని మొదలయ్యే ఆటలు), ఆ రెండూ బంతి పక్కవాడికి అందించినవే. సి.జె. స్ట్రౌడ్ ముందున్నాడు మరి.

నాలుగో_డౌన్

దామోదరం గారూ, మీ లెక్కలో ఒకటి తప్పిపోయింది. ఇంకో కాలేజీకి వెళ్తే కొత్త కోచ్, కొత్త లైన్, మళ్ళీ గాయం అయితే? అప్పుడు డ్రాఫ్టే ఉండదు.

డాలర్_దామోదరం

ఆ డబ్బు బ్యాంకులో ఉంటుంది కదండీ.

సుధ_కొప్పెల్

టెక్సస్ జెర్సీ వేసుకుని మూడేళ్ళు ఆడినవాడు ఇంకో రంగు వేసుకోలేకపోయాడేమో. డబ్బుతో కొలవలేనివి కొన్ని ఉంటాయి.

ఫ్రిస్కో_రాఘవ

సుధగారు చెప్పిందే నా మాట.

కాటన్ బౌల్ గురించి ఇప్పటిదాకా రాయలేకపోయాను, ఇప్పుడు రాస్తాను. మా నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, ఆయన్నీ తీసుకెళ్ళాను. ఆర్లింగ్టన్ స్టేడియం, మా వైపు అంతా నారింజ రంగే. 21-14తో వెనకబడి ఉన్నాం. బంతి గోల్ గీతకి ఒక్క యార్డ్ దూరంలో ఉంది. ఒక్క యార్డ్! నాన్నగారికి ఆట తెలియదు, "అడుగు దూరమే కదరా, తోసేస్తే పోలా" అన్నారు. గీత దాటడానికి నాలుగు డౌన్‌లు, అంటే నాలుగు ప్రయత్నాలు. మొదటి డౌన్, ఏమీ రాలేదు. రెండో డౌన్, బంతితో పరిగెత్తే విస్నర్‌కి పక్కకి విసిరారు, ఏడు యార్డ్‌లు వెనక్కి పోయింది. ఆ ఆట ఎందుకు పిలిచాడో సార్కీసియన్‌ని ఇప్పటికీ అడగాలని ఉంది. మూడో డౌన్, పాస్ కింద పడింది. నాలుగో డౌన్, ఎనిమిది యార్డ్‌లు.

నేను నిలబడి ఉన్నాను, నాన్నగారి చెయ్యి పట్టుకుని. సాయర్ రావడం నాకు కనిపించింది, యూయర్స్‌కి కనిపించలేదు. బంతి మీద దెబ్బ పడింది, ఎగిరి సాయర్ చేతుల్లోకే వెళ్ళింది. తర్వాత పరుగు. అంత పెద్ద మనిషి అంత దూరం పరిగెడుతుంటే స్టేడియంలో సగం అరుపు, సగం నిశ్శబ్దం. నాన్నగారు "అయిపోయిందా?" అని అడిగారు. ఇంకా రెండు నిమిషాల పైన టైమ్ ఉంది. నేను అయిపోయిందనే చెప్పాను.

ఇంటికి వస్తూ కారులో నాన్నగారు అన్నారు: "ఆ అబ్బాయి తప్పేముంది, వెనక నుంచి వచ్చి కొడితే?" అని. ఆటలో ఓనమాలు తెలియని మనిషికి అర్థమైంది, స్కౌట్‌లకి అర్థం కావడం లేదు.

కొలంబస్_కిరణ్

రాఘవగారూ, గెలిచిన వైపు వాణ్ణయినా ఇది చదివి కళ్ళు చెమర్చాయి. నాన్నగారికి నమస్కారాలు చెప్పండి.

నాలుగో_డౌన్

నాన్నగారి మాట మీద వాదించను. కానీ ఆ ఒక్క ఆట చూసి ఇతన్ని కింద పెట్టడం తప్పని నేనూ అంటాను. ఆ తప్పులో సగం ఆట పిలిచినవాడిదే. దానికి తొమ్మిది రోజుల ముందు పీచ్ బౌల్‌లో అరిజోనా స్టేట్ మీద ఓవర్‌టైమ్, నాలుగో డౌన్, 13 యార్డ్‌లు కావాలి, తప్పితే సీజన్ అయిపోయినట్టే. బ్లిట్జ్ (డిఫెన్స్ వాళ్ళు ఎక్కువమంది ఒకేసారి) మీదికి వస్తుంటే గోల్డెన్‌కి 28 యార్డ్‌ల టచ్‌డౌన్ వేశాడు. గుండె లేనివాడు ఆ పాస్ వేయలేడు. నేను మూడో రౌండ్ అంటున్నది ఇది కూడా చూసే.

పునుగుల_ప్లేటు

అబ్బో, నాలుగో డౌన్ గారే మెచ్చుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి అందరూ.

పెద్దబావ_హ్యూస్టన్

2024లోనే వెళ్ళి ఉంటే బాగుండేదేమో?

నాలుగో_డౌన్

ఆ ఏడాది మొదటి 12 నంబర్లలో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు. షుగర్ బౌల్ సెమీఫైనల్‌లో మనల్ని 37-31తో ఓడించిన క్వార్టర్‌బ్యాక్ పెనిక్స్ ఎనిమిదో నంబర్. ఆ గుంపులో ఇతను నలిగిపోయేవాడు. ఈ ఏడాది గుంపు పలచన, అదే ఇతని అదృష్టం అనుకుంటున్నాను.

ఫ్రిస్కో_రాఘవ

రెండో రౌండ్. రాసి పెట్టుకోండి.

డాలర్_దామోదరం

అయిదు.

ఆర్చ్_సేన

ఆరు. ఎక్కడికి వెళ్ళినా బాగుండాలనే కోరుకుంటా, ఆ మాట నిజం.

మియాపూర్_మహి · ఏప్రిల్ 25

ఇక్కడ తెల్లవారుజామున లేచి చూశాను. వార్డ్ మొదటి నంబర్, టెన్నెసీ టైటన్స్! డార్ట్ 25, న్యూయార్క్ జెయింట్స్. సాండర్స్ పోలేదేంటి??

నాలుగో_డౌన్

నాకూ అంతుపట్టడం లేదు. టెక్సస్ వాళ్ళు మాత్రం బ్యాంక్స్ 9, బ్యారన్ 20, గోల్డెన్ 23. డ్రాఫ్ట్ జరిగేది గ్రీన్ బేలో, గోల్డెన్‌ని గ్రీన్ బే వాళ్ళే తీసుకుంటే ఆ జనం అరుపు చూశారా!

ఫ్రిస్కో_రాఘవ

ఇవాళ రాత్రి రెండు, మూడు రౌండ్‌లు. మనవాడి వంతు ఇవాళే.

ఫ్రిస్కో_రాఘవ · ఏప్రిల్ 26

రాలేదు. వేరే క్వార్టర్‌బ్యాక్‌లు పోయారు, టైలర్ షక్ 40, మిల్రో 92, గేబ్రియల్ 94. గేబ్రియల్ కూడా ముందే పోయాడు. నిద్ర పట్టలేదు.

సుధ_కొప్పెల్

మా ఇంట్లో పొద్దున్నుంచి టీవీ ఆపలేదు. వాడు తెర కింద కదిలే పేర్లు చదువుతున్నాడు, నేను వంటగదిలోంచి వింటున్నాను. సాండర్స్ ఇప్పుడు పోయాడు, 144, క్లీవ్‌లాండ్. అయిదో రౌండ్!

కొలంబస్_కిరణ్

సాయర్ 123, పిట్స్‌బర్గ్. మా క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ కూడా పిట్స్‌బర్గే, 185. మా టీమ్‌ని జాతీయ ఛాంపియన్ చేసినవాడు ఆరో రౌండ్‌లో పోయాడంటే ఇంకేం చెప్పాలి. యూయర్స్ గురించి భయంగానే ఉంది.

పెద్దబావ_హ్యూస్టన్

199లో బ్రేడీ పోయాడు, 262లో పర్డీ పోయాడు, ఇద్దరూ తర్వాత పెద్ద క్వార్టర్‌బ్యాక్‌లయ్యారు. నంబర్ చూసి భయపడకండి.

నాలుగో_డౌన్

బావగారూ, ఆ ఇద్దరి పేర్లూ ప్రతి ఏడాదీ చెప్తాం. ఆ నంబర్ల దగ్గర పోయి కనిపించకుండా పోయిన వందలమందిని చెప్పం.

సుధ_కొప్పెల్

వచ్చింది! వచ్చింది! ఏడో రౌండ్, 231, మయామి డాల్ఫిన్స్. మా వాడు సోఫా మీంచి లేచి గట్టిగా చప్పట్లు కొట్టాడు.

డాలర్_దామోదరం

నేను అయిదు అన్నాను, నాదీ తప్పింది. 231 అంటే నాలుగేళ్ళకి 43 లక్షల డాలర్ల చుట్టుపక్కల, అదీ టీమ్‌లో నిలబడితేనే. మొదటి ఏడాది కనీస జీతం 8 లక్షల 40 వేలు. కాలేజీలో ఉండి ఉంటే ఒక్క ఏడాదిలోనే అంతకంటే ఎక్కువ వచ్చేది. ఇప్పుడు గొప్పకి చెప్పడం లేదు, నిజంగా బాధగా ఉంది.

ఫ్రిస్కో_రాఘవ

నేను రెండో రౌండ్ అన్నాను. తప్పు నాదే. నాలుగో డౌన్ గారూ, మీరు చెప్పినవి స్కౌట్‌లు ఇంత గట్టిగా పట్టుకుంటారని అనుకోలేదు.

నాలుగో_డౌన్

నేనూ మూడు అన్నాను, నాదీ తప్పే. ఏడు ఎవరూ అనలేదు. గాయాల కాగితమే కిందికి లాగిందని నా అనుమానం.

కానీ ఒకటి చూడండి. మయామిలో క్వార్టర్‌బ్యాక్‌గా టువా ముందున్నాడు, వెనక జాక్ విల్సన్. టువా తలకి, తర్వాత తుంటికి దెబ్బలు తగిలి పోయిన సీజన్‌లో 11 మ్యాచ్‌లే ఆడాడు. కోచ్ మెక్‌డానియల్ ఆటలో బంతి తొందరగా చేతిలోంచి వెళ్ళిపోవాలి, మొదట చూసినవాడికి సరైన వేళకి వేయాలి. యూయర్స్‌కి వచ్చిన పని అదే. 32 టీమ్‌లలో నన్ను ఎంచుకోమంటే మొదటి నాలుగైదింట్లో మయామి పేరు ఉండేది.

ఆర్చ్_సేన

ఆగస్టులో ప్రీసీజన్ మ్యాచ్‌లు చూద్దాం. నేను కూడా చూస్తా.

పునుగుల_ప్లేటు

డాల్ఫిన్స్ జెర్సీ ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలుసా? రాఘవగారి నాన్నగారికి ఒకటి పంపిద్దాం, సగం డబ్బు నేను వేసుకుంటా.

ఫ్రిస్కో_రాఘవ

నాన్నగారు పోయిన నెల గుంటూరు వెళ్ళిపోయారు. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను. "ఆ వెనక నుంచి కొట్టించుకున్న అబ్బాయేనా? ఉద్యోగం వచ్చిందా?" అన్నారు. వచ్చింది నాన్నా అన్నాను. సైజు ఎక్సెల్, పునుగుల గారూ.

సుధ_కొప్పెల్

మా వాడు ఫ్రిజ్ మీద పట్టీ తీసుకుని బయటికి వెళ్ళాడు. పెరట్లో తమ్ముడితో పాస్‌లు వేయిస్తున్నాడు. చీకటి పడుతోంది, ఇంకా రాలేదు.